రేంజ్‌ఫైండర్‌కు వైడ్ లెన్సు కొనాలా, వద్దా? డబ్బు తీసే ముందు చేయవలసిన పనులు

మీ దగ్గర ఒక రేంజ్‌ఫైండర్ కెమెరా ఉంది, అంటే పక్క కిటికీలోంచి చూసి, అందులో కనిపించే రెండు బొమ్మలను ఒకటి చేసి ఫోకస్ చేసే కెమెరా. దానికి 50 మిల్లీమీటర్ల లెన్సో, 35 మిల్లీమీటర్ల లెన్సో ఉంది. (ఈ అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో పట్టే వెడల్పు పెరుగుతుంది.) కొంతకాలంగా ఫ్రేములో చోటు చాలడం లేదనిపిస్తోంది. 28 తీసుకోవాలా, 21 తీసుకోవాలా, అసలు అవసరమా అన్న ఆలోచన మొదలైంది. ఆ ఆలోచనను ఒక నిర్ణయం దాకా తీసుకువెళ్లే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. విశాఖపట్నంలో ఉంటున్నవాళ్లను మనసులో పెట్టుకుని రాశాను కాబట్టి పరీక్షలన్నీ మీరు తరచూ వెళ్లే చోట్లలోనే ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవాటికి ఖర్చు కూడా లేదు.

ముందుగా ఒక విషయం. ఎస్‌ఎల్‌ఆర్‌లోనూ మిర్రర్‌లెస్‌లోనూ లెన్సు గుండానే చూస్తాం కాబట్టి, లెన్సు మారిస్తే కంటికి కనిపించేదీ మారుతుంది. రేంజ్‌ఫైండర్‌లో మారదు. మీరు చూసేది లెన్సుకు పక్కనున్న చిన్న కిటికీ గుండా. ఆ కిటికీ ఎంత వెడల్పు చూపాలో కెమెరా తయారైన రోజునే నిర్ణయమైపోయింది. అందుకని లెన్సుల గురించి చదవడం ఆఖరికి ఉంచుకోండి. మొదట చూడవలసింది మీ చేతిలో ఉన్న కెమెరానే.

యాషికా ఎలక్ట్రో 35, కానన్ కానొనెట్ లాంటి కెమెరాలు మీవైతే లెన్సు ఊడదు. ముందు బిగించే వైడ్ కన్వర్టర్లు వాటికి వచ్చాయి గానీ, వెడల్పు పెరిగేది కొద్దిగానే. యాషికాకు ఉన్న 45 మిల్లీమీటర్ల లెన్సు కన్వర్టర్‌తో 38 దరిదాపులకు వస్తుంది, అంతే. దాని కోసం వెతకడం కంటే ఆ కెమెరాను ఉన్నది ఉన్నట్టు వాడుకోవడమే మేలు. ఇక్కడి నుంచి చెప్పేదంతా లెన్సు మార్చుకోగల కెమెరాల గురించి.

మొదటి పని: కిటికీని పరీక్షించండి

వ్యూఫైండర్‌లో (అంటే ఆ కిటికీలో) తెల్లగా మెరుస్తూ, ఫొటోలో ఎంత మేర పడుతుందో చూపే ఫ్రేమ్ గీతలు ఏయే లెన్సులకు ఉన్నాయో చూడండి. 1954లో వచ్చిన లైకా ఎం3లో 50, 90, 135 లెన్సులకే గీతలున్నాయి. 35కు కూడా లేవు. ఎం2లో 35 వచ్చింది. 28 గీతలు ఎం4-పీ నుంచి మొదలయ్యాయి. 1984లో వచ్చిన ఎం6లోనూ ఉన్నాయి. మినోల్టా సీఎల్‌ఈలో, ఈ శతాబ్దంలో వచ్చిన జైస్ ఐకాన్‌లో 28 దాకా ఉన్నాయి. వోయిట్‌లాండర్ బెస్సా ఆర్4 ఒక్కటే కాస్త ప్రత్యేకం: వ్యూఫైండర్‌లో కనిపించే దృశ్యాన్ని 0.52 రెట్లకు కుదించి 21 మిల్లీమీటర్ల దాకా గీతలు అమర్చారు. ఇక పాత సోవియట్ ఫెడ్, జోర్కి కెమెరాలలో చాలావాటికి గీతలే ఉండవు. కిటికీ మొత్తం సుమారుగా 50కి సరిపోతుంది.

మీ కెమెరాలో 28 గీతలు ఉన్నాయనుకుందాం. అక్కడితో పరీక్ష అయిపోలేదు. అవి మీ కంటికి కనిపించాలి. మామూలు 0.72 రెట్ల వ్యూఫైండర్‌లో 28 గీతలు కిటికీ అంచులను ఆనుకుని ఉంటాయి. కళ్లజోడు పెట్టుకునేవారికి కన్ను కొంచెం వెనక్కి జరుగుతుంది కాబట్టి నాలుగు వైపులా ఒకేసారి కనిపించవు. ఒక మూల చూసి, కన్ను జరిపి ఇంకో మూల చూసుకోవాలి. 0.58 రెట్ల వ్యూఫైండర్ ఉన్న బాడీ (లెన్సు కాక మిగిలిన కెమెరా) అయితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. 0.85 రెట్లదైతే 28 గీతలే ఉండవు. మీరు కళ్లజోడు వాడుతుంటే ఈ ఒక్క విషయమే మీ నిర్ణయాన్ని మార్చేయవచ్చు, తేలిగ్గా తీసుకోకండి.

చాలా బాడీలలో లెన్సు పక్కన ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని జరిపితే, లెన్సు మార్చకుండానే ఇతర లెన్సుల గీతలు కనిపిస్తాయి. ఈ నిర్ణయానికి ఇంతకంటే మంచి పనిముట్టు లేదు, పైగా మీరు ఇప్పటికే కొనుక్కున్నది. ఒక వారం పాటు ప్రతి ఫొటోకు ముందు మీట జరిపి 28 గీతల్లో చూడండి. కొత్తగా వచ్చి చేరిన ఆ చుట్టుపక్కల భాగంలో ఏముంది? ఫొటోకు పనికొచ్చేదేనా, లేక ఆకాశం, తారు రోడ్డు, కరెంటు తీగలేనా? బీచ్‌రోడ్డులో ఎక్కువసార్లు జవాబు ఆకాశమూ తారు రోడ్డే అవుతుంది. పూర్ణా మార్కెట్ సందుల్లో మాత్రం జవాబు వేరుగా ఉంటుంది: అక్కడ పక్కకు జరిగిన ప్రతి అంగుళంలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక పని చేస్తూ ఉంటారు.

21 గాని, ఇంకా వెడల్పైనది గాని మీ మనసులో ఉంటే, దాదాపు అన్ని బాడీలకూ పైన ఫ్లాష్ బిగించే చోట వేరే వ్యూఫైండర్ పెట్టుకోవాలి. అప్పుడు ఒక కిటికీలో ఫోకస్, ఇంకో కిటికీలో ఫ్రేము. అలవాటైనవారికి ఇది ఇబ్బందే కాదు. 21తో ఫోకస్‌ను ముందే సరిచేసి వదిలేయవచ్చు కాబట్టి పై కిటికీ ఒక్కటే చూస్తూ తీస్తారు. కానీ దగ్గరి వస్తువుల విషయంలో జాగ్రత్త కావాలి. కెమెరాలోని గీతలు ఫోకస్ దూరాన్ని బట్టి జరిగి, కిటికీకీ లెన్సుకూ మధ్య ఉన్న తేడాను సర్దుతాయి. పైన బిగించిన వ్యూఫైండర్ ఆ పని చేయదు. మీటరు దూరంలో ఉన్న మనిషి తల పైన మీకు కనిపించినంత ఖాళీ ఫిల్ము మీద ఉండదు. అన్నట్టు, ఆ వ్యూఫైండర్ ధర కూడా లెన్సు ధరలో కలిపి లెక్కవేయండి. కొన్ని కంపెనీలవి విడిగా కొంటే ఒక చిన్న లెన్సంత ఖరీదు ఉంటాయి.

లైవ్ వ్యూ ఉన్న లైకా డిజిటల్ ఎం బాడీలకు ఈ బాధ లేదు, వెనక తెర మీద చూసి తీయవచ్చు. అయితే ఎప్పుడూ తెర చూసే తీసేటట్లయితే రేంజ్‌ఫైండర్ ఎందుకు పెట్టుకున్నామన్న ప్రశ్నకు మీరే జవాబు చెప్పుకోవాలి. లైకా ఎం8 గాని, ఎప్సన్ ఆర్-డీ1 గాని ఉంటే ఇంకో లెక్క ఉంది: సెన్సర్ చిన్నది కాబట్టి ఎం8లో 28 లెన్సు 37లా, ఆర్-డీ1లో 42లా పనిచేస్తుంది. మీకు చోటు చాలకపోవడానికి కారణం లెన్సు కాక సెన్సరే కావచ్చు.

రెండో పని: పాత ఫొటోలను మూడు కుప్పలు చేయండి

గత ఏడాది తీసినవాటిలో "ఇంకొంచెం వెడల్పుంటే బాగుండేది" అనిపించిన ఫొటోలన్నీ బయటికి తీయండి. ప్రింట్లయితే బల్ల మీద పరవండి, ఫైళ్లయితే ఒక ఫోల్డర్‌లో వేయండి. ఒక్కో ఫొటో చూస్తూ, ఆ రోజు మీరు నిలబడిన చోటును గుర్తు చేసుకోండి.

మొదటి కుప్పలోకి, వెనక్కి జరగడానికి నిజంగా వీల్లేని చోట తీసినవి వెళ్తాయి. వెనక గోడ ఉంది, లేదా వెనక్కి వెళ్తే మధ్యలోకి జనం వచ్చేస్తారు. రెండో కుప్పలోకి, నాలుగడుగులు వెనక్కి వేస్తే సరిపోయేది గాని వేయనివి. మూడో కుప్పలోకి, తిరిగి చూస్తే దృశ్యం ఎక్కువవడమే సమస్య అయినవి, అంటే దగ్గరికి వెళ్లి ఉంటే బాగుండేవి.

వైడ్ లెన్సు మొదటి కుప్పకే మందు. రెండో కుప్పకు అక్కర్లేదు. మూడో కుప్పకు మాత్రం హాని చేస్తుంది. దూరంగా నిలబడే అలవాటు ఉన్నవారి చేతికి 28 ఇస్తే మనుషులు ఇంకా చిన్నవై, ఫొటో ఇంకా ఖాళీ అవుతుంది.

కుప్పలు చేసేటప్పుడు నిజాయితీగా ఉండడానికి ఒక ఉదాహరణ చెబుతాను. బీచ్‌రోడ్డులోని ఐఎన్‌ఎస్ కుర్సుర జలాంతర్గామి పొడవు సుమారు 91 మీటర్లు. దాన్ని పక్క నుంచి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఫ్రేములో పట్టాలంటే 50 లెన్సుతో సుమారు 127 మీటర్ల దూరం వెళ్లాలి. 28తో 71 మీటర్లు, 21తో 53 మీటర్లు చాలు. ఈ లెక్క చూడగానే వైడ్ లెన్సు తప్పనిసరి అనిపిస్తుంది. కానీ ఆ పక్కవాటు ఫొటో మీకెందుకు? అందరూ తీసేదే, ఫోనుతో కూడా వస్తుంది. అదే జలాంతర్గామి లోపలికి వెళ్లండి. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారంలో వంగి దూరాలి. అటూ ఇటూ పైపులు, చక్రాలు, మీటర్లు; చేయి చాపితే రెండు వైపులా తగులుతాయి. అక్కడ 50 పెట్టి చూస్తే ఒక్క మీటరు డయలు, దాని కింద ఒక చక్రం పడతాయి తప్ప, ఒక నావికుడు ఆ ఇరుకులో ఎలా మసిలేవాడో ఫొటో చెప్పదు. ఆ చోటు మొదటి కుప్పకు అచ్చమైన ఉదాహరణ. లోపల ఫొటోలకు అనుమతి ఏ మేరకు ఉందో టికెట్ దగ్గరే అడిగి వెళ్లండి.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ డాల్ఫిన్స్ నోస్. ఆర్కే బీచ్ నుంచి దక్షిణం వైపు చూస్తే సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొండ కంటికి ఎంత గంభీరంగా కనిపిస్తుందో మనకు తెలుసు. అది మన ఊరి ముఖం. 28 లెన్సుతో అదే చోటి నుంచి తీస్తే, 50తో తీసినప్పటి ఎత్తులో 56 శాతమే ఉంటుంది. 21తో 42 శాతం. కొండ పోయి, సముద్రానికీ ఆకాశానికీ మధ్య ఒక నల్లటి గీత మిగులుతుంది. కైలాసగిరి మీది నుంచి నగరాన్ని తీసినా ఇదే జరుగుతుంది. దూరపు విశాలత కోసం వైడ్ లెన్సు కొనాలనుకుంటుంటే దయచేసి ఆగండి. దూరంలో ఉన్నదాన్ని పెద్దగా చూపడం దాని పని కాదు. కొండ గంభీరత 50తోనే, ఇంకా చెప్పాలంటే 90తోనే వస్తుంది.

మొదటి కుప్పలో ఫొటోలు నిండుగా ఉంటే ముందుకు సాగండి. పది ఫొటోలలో ఒకటో రెండో మాత్రమే అందులో పడితే, ఆ డబ్బుతో ఫిల్ము కొనుక్కుని అరకు రైలెక్కండి.

మూడో పని: ఎంత వెడల్పు కావాలో కాళ్లతో కొలవండి

లెన్సు మీది అంకెలు చూస్తే 35కూ 28కీ తేడా ఏడే, 50కీ 35కూ తేడా పదిహేను. నేల మీద వాటి అర్థమేమిటో చూద్దాం. మూడు మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద, కెమెరా అడ్డంగా పట్టుకున్నప్పుడు, 50 లెన్సు 2.2 మీటర్ల వెడల్పు పడుతుంది. 35 లెన్సు 3.1 మీటర్లు, 28 లెన్సు 3.9, 21 లెన్సు 5.1 మీటర్లు. దూరాన్ని ఫిల్ము ఫ్రేము వెడల్పైన 36తో గుణించి లెన్సు అంకెతో భాగిస్తే వచ్చేది ఇదే. ఏ దూరానికైనా మీరే వేసుకోవచ్చు.

ఇంకోలా చూస్తే, మీ 35తో నాలుగు మీటర్ల దగ్గర నిలబడినవారు ఒక్క మీటరు వెనక్కి జరిగితే 28 పట్టేంత వెడల్పు వచ్చేస్తుంది. రెండు అంగలు కూడా కాదు. అందుకే 35 ఉన్నవారు 28 కొనడం నా దృష్టిలో సాధారణంగా వృథా. ఒకే సంచిలో రెండూ ఉంటే ఏది పెట్టాలా అని తేల్చుకునేలోపు దృశ్యం వెళ్లిపోతుంది. 35 ఉన్నవారికి నిజంగా వెడల్పు కావాలంటే 21కే వెళ్లాలి, లేదా 24, 25. దానికి పై వ్యూఫైండర్ బాధ్యత కూడా ఒప్పుకోవాలి.

50 ఒక్కటే ఉన్నవారి సంగతి వేరు. 50కీ 28కీ మధ్య దూరం చక్కగా సరిపోతుంది: ఒకటి మనిషికి, ఒకటి మనిషితో పాటు అతను ఉన్న చోటుకు. లెన్సు మార్చడం ఇష్టం లేక, ఒక్కటే పెట్టుకుని ఏళ్లు గడపాలనుకునేవారు మాత్రం 28 బదులు 35 కొని, 50ని అల్మారాలో పెట్టడం మంచిది.

ఇంతకంటే వెడల్పైనవి, అంటే 15, 12 లాంటివి, రేంజ్‌ఫైండర్ మీద ఇల్లూ గుడీ తీసేవారికి తప్ప అవసరం పడదు.

నాలుగో పని: ఫోనుతో ఒక ఉదయం ఫిషింగ్ హార్బర్‌లో

మీ జేబులోని ఫోను ఇప్పటికే ఒక వైడ్ లెన్సు. చాలా ఫోన్ల ప్రధాన కెమెరా సుమారు 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్సు చూపినంత వెడల్పు చూపిస్తుంది. ఫొటో వివరాలు తెరిస్తే ఆ అంకె చాలా ఫోన్లలో కనిపిస్తుంది. మీ ఫోనుది 24 అయితే, 1.2 రెట్లు జూమ్ చేస్తే 28 అవుతుంది. ఫోను ఫ్రేము 36కు 24 కొలత కంటే కొంచెం చదరంగా ఉంటుంది. సెట్టింగ్స్‌లో 3:2 ఉంటే అది పెట్టుకోండి, లేకపోతే పైనా కిందా కొంత పోయిందనుకుని చూడండి.

ఇప్పుడు తెల్లవారుతుండగా ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లండి. బోట్లు ఒడ్డుకు చేరి, వేలం మొదలయ్యే వేళ. 28 వెడల్పు పెట్టుకుని, ఆ ఉదయమంతా ఇక మార్చకండి. మొదట అందరిలాగే దూరం నుంచి ఒకటి తీయండి: బోట్లు, జనం, తట్టలు. చూడండి, ఏమీ పట్టుకోలేదు. అన్నీ ఉన్నాయి, కన్ను నిలిచే చోటు లేదు.

తర్వాత చేపలు వేరు చేస్తున్న ఒక అమ్మ దగ్గరికి వెళ్లండి. "అమ్మా, ఒక ఫొటో తీసుకోవచ్చా?" అని అడగండి. ఆమె పని ఆపకుండా తల ఊపితే, మోకాళ్ల మీద కూర్చోండి. తట్ట మీకు మీటరు దూరంలో ఉండాలి. ఫ్రేము కింది మూడో వంతులో తట్ట: ఐసు ముక్కల మధ్య వంజరాలు, వెండిరంగు పొట్టలు, ఒక పక్కకు తోసిన రొయ్యలు. దాని వెనక రెండు మీటర్ల దగ్గర ఆమె, చేతులు ముందుకు వచ్చి పెద్దవిగా కనిపిస్తాయి. ఇంకా వెనక, పది పదిహేను మీటర్లలో, బోట్ల ముక్కులు, జెండాలు, వల భుజాన వేసుకున్న మనుషులు. మూడు పొరలూ ఒకే ఫొటోలో, మూడూ స్పష్టంగా. 50తో ఇదే చోట కూర్చుంటే తట్టా చేతులూ వచ్చి ఆమె ముఖం తెగిపోతుంది. లేదా ముఖం వచ్చి తట్ట పోతుంది. వైడ్ లెన్సు ఎందుకు పుట్టిందో ఈ ఒక్క ఫొటోలో తెలిసిపోతుంది. దగ్గరున్నదాన్ని పెద్దగా, దాని లోకాన్ని వెనక ఉంచి చూపడం దాని పని.

ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ మీటరు దూరంలో కూర్చోవడం మీకు ఇష్టమైందా? కొందరికి అపరిచితులకు అంత దగ్గరగా వెళ్లడం ఇబ్బంది. అది లోపమేమీ కాదు. మూడు, నాలుగు మీటర్ల నుంచి గౌరవంగా తీసే మంచి ఫొటోలు ఎన్నో ఉన్నాయి, వాటికి 50 చక్కగా సరిపోతుంది. కానీ ఆ స్వభావం మీదైతే 28 మీ చేతిలో సంతోషంగా ఉండదు. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి వీధిలో నిలబడి చూసినా ఇదే తేలుతుంది; ఆ రద్దీలో మీరు జనంలో భాగమై తీస్తారా, అరుగెక్కి దూరం నుంచి తీస్తారా అన్నది మీకే తెలుస్తుంది.

రేంజ్‌ఫైండర్ చెప్పని రెండు మూడు సంగతులు కూడా గమనించండి. వెడల్పైన ఫ్రేములో మూలకు నెట్టిన ముఖం పక్కకు సాగుతుంది. మనుషులను అంచులకు దూరంగా ఉంచాలి. కెమెరా పైకి ఎత్తితే వన్‌టౌన్‌లోని పాత భవనాల స్తంభాలు లోపలికి వాలినట్టు పడతాయి. సముద్రపు అంచు కొంచెం ఒరిగినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫోను తెర మీద ఇవన్నీ తీసేటప్పుడే తెలుస్తాయి. రేంజ్‌ఫైండర్ కిటికీలో ఇవి అంత తేలిగ్గా తెలియవు, అంతా తిన్నగా, స్పష్టంగా, అందంగా ఉంటుంది. ఫిల్ము కడిగి వచ్చాకే తెలుస్తుంది. కాబట్టి ఈ అలవాటు ఫోనుతోనే చేసుకోండి.

ఒక హెచ్చరిక: మన ఊళ్లో నౌకాదళం, పోర్టు, డాక్‌యార్డు ప్రాంతాల్లో ఫొటోలపై ఆంక్షలున్నాయి. వైడ్ లెన్సు మీరు ఉద్దేశించని గోడలను, గేట్లను కూడా లోపలికి లాగుతుంది. బోర్డు ఉన్న చోట కెమెరా సంచిలోనే ఉండాలి.

అయిదో పని: ఎంత వెలుగు లెన్సు కావాలి?

ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు లోపలి రంధ్రం (అపెర్చర్) అంత పెద్దగా తెరుచుకుంటుంది, అంత ఎక్కువ వెలుగు వస్తుంది. ఎఫ్/1.4 వైడ్ లెన్సులు బొమ్మల్లో ఊరిస్తాయి. కానీ మన ఎండ సంగతి ఆలోచించండి. ఐఎస్‌ఓ 400 ఫిల్ముతో మిట్టమధ్యాహ్నం బీచ్‌లో ఎఫ్/16 దగ్గర షట్టర్ సెకనులో 500వ వంతు. సెకనులో 1000వ వంతు కంటే వేగం లేని బాడీతో ఎఫ్/11 కంటే తెరవలేరు. ఎఫ్/1.4 అక్కడ అలంకారమే.

పైగా వైడ్ లెన్సు బలమంతా అపెర్చర్ మూసినప్పుడు ఉంటుంది. 28 లెన్సును ఎఫ్/8 దగ్గర పెట్టి, 3.3 మీటర్లకు ఫోకస్ చేస్తే, సుమారు 1.7 మీటర్ల నుంచి అనంత దూరం దాకా స్పష్టంగా వస్తుంది. 21 లెన్సుకైతే 1.9 మీటర్ల దగ్గర పెడితే ఒక మీటరు నుంచే. 50కి ఇదే ఎఫ్/8లో 5 మీటర్ల నుంచి గాని మొదలవదు. హార్బర్‌లోనూ మార్కెట్‌లోనూ ఫోకస్ ముట్టుకోకుండా తీయడం అంటే ఇదే, రేంజ్‌ఫైండర్ మీద వైడ్ లెన్సు ఇచ్చే గొప్ప సుఖం కూడా ఇదే. మీటరు దూరంలోని తట్టకు మాత్రం 28ని ఎఫ్/11, ఎఫ్/16 దాకా మూసి ఫోకస్‌ను దగ్గరికి తేవాలి.

పెద్ద లెన్సుకు ఇంకో దోషం ఉంది: కిటికీలో కుడి కింది మూలకు అడ్డొస్తుంది. హుడ్ (ఎండ పడకుండా లెన్సు ముందు తొడిగేది) పెడితే ఇంకా ఎక్కువ. 28 గీతల్లో ఆ మూల ఎంతో విలువైనది. ఎఫ్/2.8, ఎఫ్/3.5, ఎఫ్/4 లెన్సులు చిన్నవి, తేలికవి, అడ్డు తక్కువ. లైకా ఎల్మరిట్ 28 ఎఫ్/2.8, జైస్ బయోగాన్ 28 ఎఫ్/2.8, వోయిట్‌లాండర్ కలర్ స్కోపార్ 28 ఎఫ్/2.8, 21 ఎఫ్/4 ఈ కోవలోవి. వీటిలో మీ డబ్బుకు తగినది తీసుకుంటే చాలు. టార్పాలిన్ నీడలో ఉన్న మార్కెట్‌కు కూడా ఎఫ్/2.8, సెకనులో 60వ వంతు సరిపోతాయి. రాత్రిపూట, దీపాల వెలుగులో ఎక్కువగా తీసేవారికి మాత్రం ఎఫ్/2 లెన్సు ధర న్యాయమే.

డిజిటల్ బాడీ ఉన్నవారు ఇంకొకటి చూడాలి. ఫిల్ము కాలపు వైడ్ లెన్సులలో కొన్నింటి వెనక గాజు సెన్సర్‌కు బాగా దగ్గరగా వస్తుంది. కాంతి మూలల్లో బాగా ఏటవాలుగా పడి, ఒక అంచున ఎర్రటి ఛాయ వస్తుంది. వోయిట్‌లాండర్ 15 మిల్లీమీటర్ల మొదటి తరం లెన్సు ఇందుకు పేరుపడ్డది. మూడో తరంలో దాన్ని సరిచేశారు. తెల్ల గోడను ఒకసారి తీసి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆరో పని: వాడిన లెన్సును చూసుకునే పద్ధతి

చాలామంది కొనేది వాడిన లెన్సే. మన సముద్రపు గాలి ఊళ్లో మొదట చూడవలసింది ఫంగస్. ఫోను టార్చిని లెన్సు వెనక నుంచి ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లాంటి సన్నని పోగులు కనిపిస్తే వద్దనండి, ఎంత తగ్గించినా వద్దనండి. నాలుగు దుమ్ము కణాలు ఏమీ చేయవు. ఆవిరి పట్టిన అద్దంలా పొగమంచు కమ్మినట్టుంటే, ఎదురెండలో తీసిన ప్రతి ఫొటో వెలిసిపోతుంది. విశాఖలో సూర్యుడు సముద్రం మీదే ఉదయిస్తాడు, మీరు ఎదురెండకే ఎక్కువ తీస్తారు.

ఫోకస్ రింగు చివరి నుంచి చివరి దాకా ఒకే బిగువుతో తిరగాలి. బాడీకి బిగించగానే సరైన గీతలు రావాలి. 39 మిల్లీమీటర్ల మరతో బిగించే లెన్సుకు, లైకా ఎం బాడీలకు పట్టించే అడాప్టర్ వేసినట్లయితే, అది 28కి తగిన అడాప్టరేనా అని చూడండి, తప్పుడుదైతే వేరే గీతలు వస్తాయి. కొన్ని వైడ్ లెన్సులకు రేంజ్‌ఫైండర్‌తో సంబంధమే ఉండదు, దూరం అంచనా వేసి తిప్పాలి. పాత సోవియట్ జూపిటర్-12, 35 లెన్సే అయినా, వెనక గాజు చాలా లోతుకు దిగుతుంది. కొన్ని బాడీలలో లోపలి భాగాలకు తగులుతుంది. మీ మోడల్‌కు సరిపోతుందని తెలుసుకోకుండా బిగించవద్దు.

కొన్నాక దాచడం గురించి రెండు మాటలు. తోలు సంచిలో పెట్టి బీరువాలో పడేయకండి. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, జెల్ రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టండి. వీలుంటే తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ కొనండి. బీచ్‌లో గాలికి ఎదురుగా లెన్సు మార్చకండి. గుడ్డ షట్టర్ ఉన్న ఫిల్ము కెమెరా అయితే, మూత లేకుండా లెన్సును సూర్యుడి వైపు తిప్పి వదిలేయవద్దు. లోపల అద్దం అడ్డం ఉండదు కాబట్టి షట్టర్ గుడ్డకు చిల్లు పడే ప్రమాదముంది. వైడ్ లెన్సులో సూర్యబింబం చిన్నదే, 28లో మిల్లీమీటరులో పావు వంతు, అయినా అది ఒకే చోట నిలిస్తే చాలు.

ఏడో పని: తిరిగి ఇచ్చే గడువులో ఓడలతో పరీక్ష

కొనేటప్పుడు తిరిగి ఇచ్చే గడువు అడిగి తీసుకోండి. వచ్చిన రోజే, మబ్బు లేని పూట, బీచ్‌రోడ్డుకు వెళ్లండి. పోర్టులోకి పిలుపు కోసం దూరంగా లంగరు వేసి ఉన్న ఓడలు కనిపిస్తాయి. ఒక ఓడ స్తంభాన్ని ఎంచుకోండి. కెమెరాను గట్టు మీద ఆనించి, లెన్సును అనంత దూరం గుర్తు దాకా తిప్పండి. కిటికీ మధ్యలోని చిన్న చతురస్రంలో రెండు బొమ్మలూ ఒకటైపోవాలి. ఒకటి పక్కకు జరిగి ఉంటే, మీ పాత లెన్సు బిగించి అదే ఓడను చూడండి. పాతదానితో సరిగ్గా కలిసి కొత్తదానితో కలవకపోతే లోపం లెన్సుది, గడువులోపే తిప్పి పంపండి. రెండింటితోనూ కలవకపోతే బాడీలోని రేంజ్‌ఫైండర్ సర్దుబాటు తప్పింది. ముందు దాన్ని బాగుచేయించి, తర్వాత లెన్సు సంగతి తేల్చండి.

దగ్గరి దూరానికీ ఒక పరీక్ష కావాలి. న్యూస్‌పేపరును గోడకు అతికించి, మీటరు దూరం నుంచి, అపెర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. తర్వాత ఎఫ్/4లో, ఎఫ్/8లో. మూలల్లో అక్షరాలు ఎఫ్/8 దగ్గర కూడా ఒక వైపే మసకబారితే లెన్సు లోపల గాజు పక్కకు జరిగిందన్నమాట, లేదా కెమెరా గోడకు సమాంతరంగా లేదు. నిలువుగా తిప్పి ఇంకోసారి తీస్తే ఏది నిజమో తెలుస్తుంది: మసక కెమెరాతో పాటు తిరిగితే లెన్సుది, కాగితం మీద అదే చోట ఉంటే మీరు నిలబడిన తీరుది.